వేడి ప్రాంతాల్లో ఇంటి తోటకి పూల పొదలు ఎలా ఎంచుకోవాలి

పూల మొక్క కొనడానికి వెళ్తే ఎవరి కన్నైనా ముందు పువ్వు మీదకే పోతుంది, కానీ నర్సరీలో కవర్లో ఉన్న మొక్క నిండా పూలున్నాయంటే అది మీ ఇంట్లో కూడా అలాగే పూస్తుందని గ్యారంటీ ఏం లేదు. అక్కడ దానికి షేడ్ నెట్ (ఎండ తగ్గించే వల) ఉంటుంది, టైముకి నీళ్ళు, ఎరువు పడతాయి, పైగా కొన్నిచోట్ల మొక్క పొట్టిగా గుబురుగా కనపడాలని ఎదుగుదల తగ్గించే మందులు కూడా వాడతారు, ఆ మందు ప్రభావం పోయాక మొక్క తన అసలు సైజుకి బయల్దేరుతుంది. అందుకే ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే, కొన్న రోజు ఎలా ఉందో కాదు, మీరు పెట్టబోయే చోట మూడో ఏడు ఎలా ఉంటుందో చూసుకుని కొనండి. మొదటి ఏడు పొద వేళ్ళు పట్టుకోడంలోనే ఉంటుంది, రెండో ఏడు కొమ్మలు వేస్తుంది, మూడో ఏటికి దాని అసలు గుణం బయటపడుతుంది, ఎంత ఎత్తు వెళ్తుంది, ఎంత దారి ఆక్రమిస్తుంది, నిజంగా పూస్తుందా లేక ఆకులే వేస్తుందా అన్నీ అప్పుడే తెలుస్తాయి. ఈ కింద చెప్పేవన్నీ ఆ మూడో ఏటిని ముందే ఊహించుకోడానికే.

1. మొక్క పేరు తర్వాత, ముందు ఎండ లెక్క

ఒక సెలవు రోజు చూసుకుని పొద్దున 7 నుంచి సాయంత్రం 5 దాకా గంటకోసారి ఆ చోటుని ఫోన్లో ఫోటో తీయండి, అన్నీ ఒకేచోట నిలబడి తీయండి, రాత్రి వరసగా చూస్తే నేరుగా ఎండ పడేది ఎన్ని గంటలో తేలిపోతుంది. 6 గంటలు దాటితే పూర్తి ఎండ అనుకోండి, 3 నుంచి 6 గంటలైతే సగం ఎండ, అంతకంటే తక్కువైతే నీడే. చాలామంది "మా పెరట్లో ఎండ బాగానే వస్తుందండీ" అంటారు, ఫోటోలు తీసి చూస్తే రెండున్నర గంటలు తేలుతుంది, మిగతాదంతా వెలుతురే గానీ ఎండ కాదు. మందారానికీ కాగితం పూలకీ ఈ వెలుతురు చాలదు.

ఎన్ని గంటలన్నదే కాదు, ఏ పూట ఎండ అన్నది కూడా చూడాలి. పొద్దుటి ఎండ దాదాపు అన్ని పూల పొదలకీ మంచిదే. మధ్యాహ్నం 1 నుంచి 4 దాకా పడే ఎండే వేడి ప్రాంతాల్లో మొక్కల్ని పరీక్ష పెట్టేది, అందులోనూ పడమటి గోడ పక్కన అయితే గోడ మధ్యాహ్నమంతా వేడెక్కి చీకటి పడ్డాక కూడా ఆ వేడి వదుల్తూనే ఉంటుంది, అక్కడ సున్నితమైన మొక్క పెడితే ఆకుల అంచులు మాడిపోతాయి, నీళ్ళు ఎంత పోసినా ఆగదు. అలాంటి గోడకి గన్నేరు, కాగితం పూలు, రత్నగంధి తప్ప ఇంకేం ఆలోచించకండి.

ఇంకో సంగతి, ఎండాకాలంలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, చలికాలంలో ఒక పక్కకి వాలి వెళ్తాడు కాబట్టి ఇంటి నీడా ప్రహరీ నీడా బాగా పొడుగ్గా పడతాయి. ఎండాకాలంలో 7 గంటల ఎండ ఉన్న చోట చలికాలంలో 2 గంటలు కూడా ఉండకపోవచ్చు. కుదిరితే రెండు కాలాల్లోనూ ఫోటోలు తీయండి, అంత ఓపిక లేకపోతే ఏ పక్క నీడ పెరుగుతుందో అయినా గమనించి పెట్టుకోండి.

2. నేల నీళ్ళని ఎంతసేపట్లో తాగుతుంది

పొదలు ఎండకి చచ్చేదానికంటే వేళ్ళ దగ్గర నీళ్ళు నిలబడి చచ్చేదే ఎక్కువ అని నా నమ్మకం, ఎందుకంటే వేరు కుళ్ళిన మొక్క కూడా వాడిపోయినట్టే కనపడుతుంది, నీళ్ళు చాల్లేదేమో అని ఇంకో బకెట్ పోస్తాం, దాంతో అయిపోతుంది. అందుకని మొక్క కొనక ముందే ఆ చోట ఒక అడుగు లోతు, ఒక అడుగు వెడల్పు గుంట తీయండి. నిండా నీళ్ళు పోసి పూర్తిగా ఇంకనివ్వండి. తర్వాత మళ్ళీ నింపి, గుంటలో ఒక పుల్ల నిలబెట్టి నీటి మట్టం దగ్గర గీత పెట్టండి, గంటయ్యాక చూడండి. గంటకి ఒకటి నుంచి మూడు అంగుళాలు దిగితే మంచి నేల. అర అంగుళం కూడా దిగకపోతే అది బంకమట్టి, అక్కడ నేలలో గుంట తీసి నాటే బదులు మట్టిని అడుగు ఎత్తు దిబ్బగా పోసి దాని మీద నాటాలి. పోసిన నీళ్ళు పోసినంత వేగంగా ఇంకిపోతుంటే ఇసక నేల, కంపోస్టు బాగా కలపాలి, నీళ్ళు తరచుగా పెట్టాల్సొస్తుంది. బంకమట్టిని మెత్తగా చేద్దామని అందులో కాస్త ఇసక కలపడం మాత్రం చేయకండి, ఆరాక గట్టిపడిపోతుంది, కంపోస్టే దానికి మందు.

సున్నం సంగతి కూడా చూసుకోవాలి. ఎండిన మట్టి గుప్పెడు తీసుకుని దాని మీద కాస్త వెనిగర్ పోస్తే బుసబుసమని నురగ వచ్చిందంటే నేలలో సున్నం ఉన్నట్టు. కొత్తగా కట్టిన ఇంటి గోడల పక్కన సిమెంటు, కంకర ముక్కలు మట్టిలో కలిసిపోయి ఇది ఎక్కువగా ఉంటుంది. ఇలాంటి నేలలో నూరు వరహాలు, గంధరాజం పెడితే కొత్తాకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మధ్యలో పసుపు తిరుగుతాయి, నేలలో ఐరన్ ఉన్నా సున్నం వల్ల వేరు దాన్ని తీసుకోలేదు. చీలేటెడ్ ఐరన్ (వేరు తేలిగ్గా తీసుకోగల రూపంలో ఉన్న ఐరన్) వేస్తే కొన్నాళ్ళు పచ్చబడుతుంది, మళ్ళీ మామూలే. సున్నం నేలని మార్చాలని జీవితాంతం తంటాలు పడేకంటే ఆ రెండిటినీ కుండీలో పెట్టుకుని నేలలో గన్నేరో కాగితం పూలో పెట్టుకోవడం సుఖం.

3. టేపు పట్టుకుని చోటు కొలవండి

ఇది అందరూ వదిలేసే మెట్టు, తర్వాత ఏళ్ళ తరబడి కత్తెర పట్టుకుని తిరిగేది కూడా దీనివల్లే. నేలలో పెట్టి వదిలేస్తే కనకాంబరం, పెంటాస్ (చిన్న నక్షత్రాల్లాంటి పూలు గుత్తులుగా పూసే పొద) 2, 3 అడుగుల దగ్గర ఆగుతాయి. పొట్టి రకం నూరు వరహాలు కూడా అంతే, మామూలు రకం 4 నుంచి 6 అడుగులు. నీలం ప్లంబాగో ఎత్తు 4, 5 అడుగులే అనిపిస్తుంది గానీ పక్కలకి వాలిపోయి అంతకంటే ఎక్కువ చోటు తింటుంది. నందివర్ధనం, మందారం 6 నుంచి 10 అడుగులు వెళ్తాయి, గన్నేరు, తెల్లటి వాసన పూల మధుకామిని 10 దాటుతాయి, పారిజాతం అయితే పొద అనుకుని పెట్టిన వాళ్ళకి చిన్న చెట్టై కూర్చుంటుంది. కాగితం పూల సంగతి చెప్పక్కర్లేదు, ఆసరా దొరికితే డాబా దాటేస్తుంది.

లెక్క ఎలాగంటే, పొద మూడో ఏటికి 6 అడుగుల వెడల్పు వస్తుందనుకుంటే కాండం గోడకి కనీసం 3 అడుగుల దూరంలో ఉండాలి, పొదకీ పొదకీ మధ్య 5, 6 అడుగులు వదలాలి. నాటిన రోజు ఇది చాలా ఖాళీగా, పిచ్చిగా కనపడుతుంది, తట్టుకోండి, ఆ ఖాళీలో మొదటి రెండేళ్ళూ బంతి, జీనియా లాంటి ఏడాది మొక్కలు వేసుకోవచ్చు. కిటికీ కింద పెట్టేదైతే కిటికీ అడుగు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి దానికి లోపే ఆగే రకం తీసుకోండి. 10 అడుగులు పెరిగే మొక్కని 3 అడుగుల దగ్గర ఆపాలని నెలనెలా కత్తిరిస్తే మొగ్గలొచ్చే చివర్లన్నీ కత్తెరకే పోతాయి, అది ఇంక పూసేదెప్పుడు. కాగితం పూలు, రత్నగంధి లాంటి ముళ్ళవి నడిచే దారికీ, పిల్లలు ఆడే చోటుకీ, గేటుకీ దూరంగా ఉండాలి.

4. ఇప్పుడు మొక్క

ఏ మొక్క ఎక్కడ పుట్టిందో తెలిస్తే దాని గుణం సగం తెలిసినట్టే, అందుకని నేను పేరుతో పాటు ఊరు కూడా అడుగుతాను.

మండే ఎండ, నీళ్ళు తక్కువ ఉన్న చోటుకి మొదట చెప్పేది కాగితం పూలు, అంటే బోగన్‌విల్లియా. ఇది దక్షిణ అమెరికాది. మనం పువ్వు అనుకునే రంగు రేకులు నిజానికి ఆకులే, మధ్యలో సన్నగా తెల్లగా గొట్టంలా ఉండేది అసలు పువ్వు, ఒకసారి దగ్గరగా పట్టుకుని చూడండి తెలుస్తుంది. నేల ఆరితే పూస్తుంది, నీళ్ళూ నత్రజనీ ఎక్కువైతే పొడుగు కొమ్మలూ ఆకులే వేస్తుంది. దీన్ని రోజూ నీళ్ళు పెట్టే మందారం పక్కన పెట్టారంటే రెండిట్లో ఒకటి ఎప్పుడూ బాధపడుతూనే ఉంటుంది. నీళ్ళ అవసరం ఒకటే ఉన్నవాటిని ఒక గుంపుగా పెట్టుకోండి, ఈ ఒక్క పని చేస్తే సగం సమస్యలు రావు.

గన్నేరు మధ్యధరా సముద్రం చుట్టుపక్కల నుంచి ఆసియా దాకా ఎండిపోయే వాగుల ఒడ్డున పెరిగే మొక్క, అందుకే ఎండకీ ఆగుతుంది, వానాకాలంలో కొన్నాళ్ళు నీళ్ళు నిలిచినా ఓర్చుకుంటుంది, ఉప్పు గాలికి కూడా భయపడదు, ఎండాకాలమంతా పూస్తుంది. ఒక్కటే చిక్కు, విషం, దాని సంగతి కింద చెప్తాను. రత్నగంధి విత్తనం వేస్తే వచ్చేస్తుంది, ఎరుపూ పసుపూ కలిసిన పూలు, సీతాకోకచిలకలు వదలవు. పసుపు పూల టెకోమా కూడా ఇలాంటి చోటుకి బాగుంటుంది, అయితే కాయల్ని పండక ముందే తీసేస్తుండాలి, గాలికి విత్తనాలు ఎగిరి కొన్ని దేశాల్లో అడవి మొక్కల్ని తినేసే కలుపుగా మారింది. లాంటానా సంగతి ఇంకా ఘోరం, అమెరికా ఖండాల నుంచి తోట మొక్కగా వచ్చి ప్రపంచంలో అతి చెడ్డ కలుపు మొక్కల జాబితాల్లోకి ఎక్కింది, పిట్టలు పళ్ళు తిని ఎక్కడెక్కడో వేస్తాయి. రంగులు ఎంత బాగున్నా నేనైతే పెట్టొద్దనే చెప్తాను, అదే రంగులు పెంటాస్‌లోనో నూరు వరహాల్లోనో దొరుకుతాయి.

పూర్తి ఎండ ఉండి నీళ్ళు కూడా పెట్టగలిగితే మందారాన్ని మించింది లేదు. ఒక్కో పువ్వు మామూలుగా ఒక్క రోజే ఉంటుంది కానీ కొత్త చిగురు వస్తున్నంత కాలం మొగ్గలొస్తూనే ఉంటాయి. ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. అరచేయంత వెడల్పు, రెండు మూడు రంగులు కలిసిన హైబ్రిడ్ మందారాలు చాలావరకు అంటు మొక్కలు, చూడ్డానికి అద్భుతం, కానీ నడి ఎండాకాలంలో మొగ్గలు రాల్చేస్తాయి, పురుగు కూడా త్వరగా పడుతుంది. మామూలు ఎర్ర రేక మందారం, కింద జడలా వేలాడే చీలికల రేకుల రకం, ఇవి మొండివి. మొదటిసారి పెట్టేవాళ్ళు మొండి రకంతో మొదలుపెట్టి, ఏడాది చూసి, అప్పుడు హైబ్రిడ్‌కి వెళ్ళండి. హైబ్రిడ్ కొంటే అంటు కట్టిన చోటు ఎక్కడుందో చూసుకుని దాని కింద నుంచి వచ్చే చిగుళ్ళని ఎప్పటికప్పుడు తుంచేయాలి, లేదంటే మూడో ఏటికి కింది మొక్కే మిగిలి పై రంగు మాయమైపోతుంది.

మందారం మొగ్గలు విచ్చుకోకుండా రాలిపోతున్నాయి అని చాలామంది అడుగుతారు. రాలిన మొగ్గ ఒకటి తీసుకుని గోటితో నిలువుగా చీల్చి తెల్ల కాగితం మీద తట్టండి. సన్నటి పసుపు, గోధుమ రంగు నలుసులు కదుల్తుంటే తామర పురుగులు, రాలినవన్నీ ఏరి కవర్లో కట్టి పారేయాలి, వాటిని మొక్క కిందే వదిలేస్తే మళ్ళీ ఎక్కుతాయి. ఏమీ లేకపోతే నీళ్ళు ఒక రోజు ఎక్కువ ఒక రోజు సున్నా అవుతున్నాయేమో చూసుకోండి. తెల్లగా దూదిలా అంటుకుని ఉంటే పిండినల్లి, ముందు పైపుతో గట్టిగా నీళ్ళు కొట్టి, సాయంత్రం పూట లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు మూడు చుక్కల లిక్విడ్ సబ్బు కలిపి ఆకు అడుగున తడిసేలా కొట్టండి, వారానికోసారి మూడు నాలుగు సార్లు చేయాలి. మందారానికి భాస్వరం ఎక్కువున్న "పూల ఎరువు" మంచిది కాదు, పొటాష్ ఎక్కువ, భాస్వరం తక్కువ ఉన్నది తీసుకోండి.

మల్లె కూడా పూర్తి ఎండ మొక్కే, నీడలో పెట్టి పూయట్లేదనుకోవడం మామూలే. 6 గంటల ఎండ, చలికాలం చివర గట్టి కత్తిరింపు, ఈ రెండూ ఉంటే మల్లె పూయకపోవడం అరుదు.

సగం ఎండ ఉన్న చోటే ఎక్కువ ఇళ్ళలో ఉంటుంది, మొక్కలు కూడా బానే ఉన్నాయి. నందివర్ధనం పొద్దుటి ఎండ చాలనుకునే మొక్క, ముదురాకుపచ్చ ఆకుల్లో తెల్ల పూలు, ముద్ద రకం గుబురుగా ఉంటుంది, రేక రకం ఎక్కువ పూలు పూస్తుంది, పెద్దగా పురుగు పట్టదు, నాకు అన్నిటికంటే ఎక్కువ నమ్మకం ఉన్న పొద ఇదే. కనకాంబరం దక్షిణ భారతం, శ్రీలంక వైపు మొక్క, మధ్యాహ్నం నీడ ఉంటే పువ్వు రంగు మాడదు, ఎండిన కంకులు తుంచేస్తుంటే కొత్తవి వస్తూనే ఉంటాయి. నూరు వరహాలు కూడా ఆ ప్రాంతానిదే, పుల్ల నేల (ఆమ్ల గుణం ఉన్న, సున్నం లేని నేల) అంటే ఇష్టం, ఎండ 4, 5 గంటలు ఉంటే గుత్తులు బాగా వేస్తుంది. నీలం ప్లంబాగో దక్షిణాఫ్రికాది, సగం ఎండలో కూడా పూస్తుంది గానీ ఎండ పెరిగేకొద్దీ పూలు పెరుగుతాయి, వేడి తోటల్లో నీలం రంగు దొరకడమే కష్టం కాబట్టి చోటుంటే ఒకటి పెట్టుకోండి.

బ్రన్‌ఫెల్సియా అని ఒకటి ఉంది, ఊదా రంగులో విచ్చుకుని మర్నాటికి లేతబడి ఆ తర్వాత తెల్లగా అవుతుంది, ఒకే పొద మీద మూడు రంగులు కనపడతాయి, సగం నీడకి చాలా బాగుంటుంది. పెంపుడు కుక్కలున్న ఇంట్లో మాత్రం వద్దు.

వాసన కోసం పెట్టేవాళ్ళు ఎంత దూరంలో పెట్టాలో కూడా ఆలోచించండి. రేరాణి రాత్రి విచ్చుకుంటే వాసన 30, 40 అడుగులకి వస్తుంది, పడకగది కిటికీ పక్కన పెడితే తలనొప్పి వచ్చేవాళ్ళున్నారు, దాన్ని ప్రహరీ మూలకి పంపండి. మధుకామిని కంచెలా కత్తిరించుకోడానికి బాగుంటుంది, కానీ నిమ్మ, బత్తాయి జాతి చెట్లున్న చోట పెట్టొద్దు, వాటికి తెగులు మోసుకొచ్చే సిట్రస్ సిల్లా అనే పురుగు మధుకామిని మీద కూడా పెరుగుతుంది. గంధరాజం వాసనకి సాటి లేదు, కానీ పుల్ల నేల, ఒకే తీరు తడి, చల్లటి రాత్రులు అడుగుతుంది, రాత్రుళ్ళు కూడా ఉక్కపోసే ప్రాంతమైతే మొగ్గలు రాల్చి మిమ్మల్ని బాధపెడుతుంది. అలాంటి చోట వాసనకి మల్లె, పారిజాతం మేలు.

5. విషం సంగతి మొహమాటం లేకుండా చూసుకోండి

గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే, గుండె మీద పనిచేసే విషం, ఎండినా పోదు. కత్తిరించిన కొమ్మల్ని తగలబెట్టకూడదు, పొగ కూడా హాని చేస్తుంది, పశువులు తిరిగే చోట పారేయకూడదు. పచ్చగన్నేరు ఇంకా ప్రమాదం, దాని గింజలు ప్రాణం తీస్తాయి, కాయలు కింద రాలి పిల్లల చేతికి అందుతాయి. రేరాణి పళ్ళు, డ్యురాంటా (కంచెగా పెంచే పొద) పసుపు పళ్ళు, లాంటానా పచ్చి కాయలు, ఎడీనియం (ఎడారి గులాబీ) కొమ్మ తుంచితే కారే పాలు, ఇవన్నీ జాగ్రత్త పడాల్సినవే. ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్నా, మొక్కలు నమిలే కుక్కపిల్ల ఉన్నా ఈ మొక్కలు కొన్నేళ్ళు ఆగొచ్చు, మందారం, మల్లె, కనకాంబరం, నూరు వరహాల విషయంలో ఇంత భయం ఉండదు. గన్నేరు కత్తిరించేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, అయ్యాక కత్తెర కూడా కడగండి. ఎవరైనా తిన్నారని అనుమానం వస్తే లక్షణాల కోసం చూడకుండా, ఆ మొక్క ముక్క కూడా పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

6. నర్సరీలో ఏం చూడాలి

పూలు ఎక్కువున్న మొక్కని కాదు, మొగ్గలు ఎక్కువుండి పూలు ఒకటి రెండే ఉన్నదాన్ని తీసుకోండి. రంగు తెలియడానికి ఒక పువ్వు చాలు. కింద నుంచే మూడు నాలుగు కొమ్మలు వచ్చినది, పొడుగ్గా ఒక్క కర్రలా ఉన్నదానికంటే మంచిది. ఆకు తిప్పి అడుగున చూడండి, తెల్లదోమ, సాలెగూడు లాంటి సన్న దారాలు, పిండినల్లి అన్నీ అక్కడే దాక్కుంటాయి. తర్వాత అడిగి కుండీ నుంచి మొక్కని కాస్త పైకి తీసి చూపించమనండి, ఇది అడగడానికి సిగ్గుపడకండి. మట్టి అంచున తెల్లటి వేళ్ళు అక్కడక్కడా కనపడితే బాగున్నట్టు. వేళ్ళు గుండ్రంగా చుట్టలు చుట్టుకుని మట్టే కనపడకపోతే అది కవర్లో చాలా కాలం ఉండిపోయింది, నేలలో పెట్టినా ఆ వేళ్ళు ఆ చుట్టలోనే తిరుగుతాయి. నల్లగా మెత్తగా ఉండి వాసనొస్తే కుళ్ళు, వదిలేయండి. కాగితం పూలని మాత్రం ఇలా లాగి చూడొద్దు, దాని వేళ్ళు సన్నగా పెళుసుగా ఉంటాయి, వేళ్ళ చుట్టూ ఉన్న మట్టిగడ్డ విరిగితే చచ్చిపోతుంది, దానికి కవర్ కింద రంధ్రాల్లోంచి వేళ్ళు ఎంత బయటికొచ్చాయో చూస్తే చాలు.

నాలుగడుగుల పెద్ద మొక్క మీద మోజు పడకండి. అడుగున్నర మొక్కకి వేరూ కొమ్మా సమానంగా ఉంటాయి, త్వరగా కుదురుకుంటుంది, చాలాసార్లు రెండేళ్ళు తిరిగేసరికి పెద్దదాన్ని అందుకుంటుంది. ఇంకో మాట, తేనెటీగలు, సీతాకోకచిలకలు రావాలనుకుంటే ముద్ద పూల కంటే రేక పూలు తీసుకోండి, ముద్ద పూలలో కేసరాలే రేకులైపోయి ఉంటాయి కాబట్టి పుప్పొడి ఉండదు లేదా అందదు.

చిన్న తోటైతే పది రకాలు ఒక్కొక్కటి కొనేకంటే మూడు నాలుగు రకాలు రెండేసి మూడేసి కొనండి, చూడ్డానికీ బాగుంటుంది, నీళ్ళు పెట్టడమూ సులువు. ఆ మూడు నాలుగూ ఒకే కాలంలో పూసేవి కాకుండా చూసుకోండి, ఎండాకాలానికి మల్లె, గన్నేరు, ఏడాదంతా మందారం, నూరు వరహాలు, చల్లగా పొడిగా ఉండే నెలలకి కాగితం పూలు, ఇలా అన్నమాట.

7. నాటడం

వానలు మొదలయ్యాకో, ఎండలు తగ్గాకో నాటండి, నడి ఎండాకాలంలో కొన్నా కుండీలోనే ఉంచి మధ్యాహ్నం నీడ పట్టి ఆగండి. సాయంత్రం నాటితే రాత్రంతా తేరుకోడానికి టైం ఉంటుంది. గుంట లోతు మట్టిగడ్డ ఎత్తు అంతే ఉండాలి, వెడల్పు మాత్రం రెండింతలు. లోతు ఎక్కువ తీసి కింద ఎరువు నింపితే అది కుళ్ళి కుంగినప్పుడు మొక్క కూడా దిగిపోతుంది, కాండం మొదలు మట్టిలో కూరుకుపోయి కుళ్ళుతుంది. తీసిన మట్టిలో మూడో వంతు దాకా బాగా చివికిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో కలిపి తిరిగి నింపండి, పచ్చి ఎరువు వేయొద్దు. మట్టిగడ్డ పైభాగం నేల మట్టానికి సమానంగానో ఒక వేలు ఎత్తులోనో ఉండాలి.

చుట్టూ ఎండుటాకులో ఎండు గడ్డో 2, 3 అంగుళాల మందాన పరవండి, కాండానికి తగలకుండా నాలుగు వేళ్ళ ఖాళీ వదలండి. వేడి ప్రాంతంలో ఇది తప్పనిసరి, నేల వేడెక్కదు, తడి త్వరగా ఆరదు.

మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత రెండు రోజులకోసారి, ఆ తర్వాత వేలు రెండు అంగుళాలు మట్టిలోకి దింపి పొడిగా తగిలితేనే నీళ్ళు. పెట్టినప్పుడు నిండుగా పెట్టండి, రోజూ పైపైన చిలకరిస్తే వేళ్ళు పైనే ఉండిపోతాయి, ఒక్క రోజు మీరు ఊరెళ్ళినా మొక్క వాడిపోతుంది. రసాయన ఎరువు కొత్త చిగుళ్ళు కనపడే దాకా, కనీసం ఒక నెల, వేయకండి.

8. కత్తెర ఎప్పుడు పట్టాలి

మందారం, మల్లె, కాగితం పూలు, టెకోమా, నందివర్ధనం కొత్త చిగురు మీద పూస్తాయి, వీటిని చలి తగ్గి వేడి మొదలయ్యే ముందు మూడో వంతు దాకా కత్తిరిస్తే చిగుళ్ళు గుంపుగా వచ్చి పూలు పెరుగుతాయి. కాగితం పూలని ఒక్కో విడత పూత అయ్యాక కూడా కాస్త కత్తిరించొచ్చు. గంధరాజం అలా కాదు, ముందు ఏడాది కొమ్మల మీద మొగ్గ పెట్టుకుంటుంది, పూత అయిన వెంటనే కత్తిరించాలి, ఆలస్యం చేస్తే వచ్చే ఏడు మొగ్గల్ని మీరే కోసేసినట్టు. నూరు వరహాలు గుత్తి వాడాక దాని కింద రెండు ఆకుల దాకా తుంచితే చాలు. మొదటి ఏడు ఏ పొదనీ గట్టిగా కత్తిరించొద్దు, చివరి చిగురు చిదిమితే పక్క కొమ్మలు వస్తాయి, అంతే.

మూడో ఏడు వచ్చినా పూయకపోతే ఎరువు పెంచకండి, ముందు ఎండ ఫోటోలు మళ్ళీ తీయండి, ఈ రెండేళ్ళలో పక్క చెట్టు పెరిగి నీడ కమ్మేసి ఉండొచ్చు. ఆకులు ముదురు పచ్చగా, కొమ్మలు బారుగా, పూలు లేకుండా ఉంటే నత్రజని ఎక్కువైంది, ఆ సీజనంతా నత్రజని ఎరువు ఆపి కాస్త పొటాష్ మాత్రం వేయండి. చోటే తప్పయితే మందారం, నందివర్ధనం, మల్లె, నూరు వరహాల్ని చల్లటి నెలల్లో మార్చుకోవచ్చు, మార్చే ముందు మూడో వంతు కొమ్మలు తీసేసి, ముందు రోజు నీళ్ళు నిండుగా పెట్టి, కాండం నుంచి అడుగు దూరంలో చుట్టూ గుండ్రంగా తవ్వి మట్టిగడ్డతో సహా గోనెసంచి మీదకి ఎత్తి తీసుకెళ్ళండి. కాగితం పూలని కదపొద్దు, దానికి నీడ చేస్తున్న కొమ్మల్నే కొట్టేయండి. మార్చిన మొక్కకి రెండు వారాలు మధ్యాహ్నం పూట షేడ్ నెట్ కట్టి ఉంచి, కొత్త చిగురు వేలెడంత వచ్చాక తీసేయండి.